ఒకే గాలిలో వై-ఫై, స్మార్ట్ పరికరాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఇంట్లో స్మార్ట్ బల్బులు, సెన్సర్లు, కెమెరాలు చేరిన కొద్దీ వై-ఫైకీ వాటికీ పొసగడం లేదని ఈసారి చాలామంది పాఠకులు రాశారు. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. వీటిలో కొన్ని నిజంగానే తరంగాల మధ్య అంతరాయం వల్ల వచ్చిన ఇబ్బందులు. కొన్ని అలా కనిపిస్తాయి గానీ కారణం వేరు. కొత్త పరికరం కొనేముందు ఈ రెండింటినీ విడదీసి చూడటం అవసరం.

ప్రశ్న: మా ఇంట్లో జిగ్‌బీ పద్ధతిలో (చిన్న పరికరాలు తక్కువ శక్తితో మాట్లాడుకునే రేడియో పద్ధతి) పనిచేసే బల్బులు, తలుపు సెన్సర్లు, ఉష్ణోగ్రత సెన్సర్లు కలిపి ముప్పై దాకా ఉన్నాయి. ఏడాదికి పైగా ఏ ఇబ్బందీ లేదు. పాత రౌటర్ తీసేసి ఎక్కువ వేగం గల కొత్తది పెట్టినప్పటి నుంచి సాయంత్రం వేళ బల్బులు ఆలస్యంగా వెలుగుతున్నాయి. కొన్ని సెన్సర్లు అందుబాటులో లేవని యాప్ చూపుతోంది. పగలు మాత్రం అన్నీ సవ్యంగా ఉంటాయి. వీటన్నిటినీ నడిపే హబ్ కూడా రౌటర్ ఉన్న అరలోనే, దాని పక్కనే ఉంది. హబ్ పాడైందా?

సమాధానం: హబ్ పాడైతే పగలు కూడా ఇదే తీరు కనిపించాలి. సాయంత్రం మాత్రమే ఇబ్బంది రావడం, అదీ రౌటర్ మార్చిన తరువాతే మొదలవడం చూస్తే అనుమానం రౌటర్ మీదికే పోతుంది. రౌటర్ ఎప్పుడూ ఒకే స్థాయిలో ప్రసారం చేయదు. ఇంట్లో అందరూ చేరి వీడియోలు చూస్తున్నప్పుడు, ఫోన్లు ఫోటోలను పైకి పంపుతున్నప్పుడు దాని ప్రసార సమయం పెరుగుతుంది. అంతసేపూ అదే పట్టీలో ఉన్న చిన్న పరికరాలకు మాట్లాడే వ్యవధి తగ్గిపోతుంది.

పట్టీ అంటే రేడియో ఫ్రీక్వెన్సీలలో ఒక భాగం. ఇక్కడ మనం మాట్లాడేది 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ గురించి. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న ఈ ఇరుకు జాగాలోనే వై-ఫై, జిగ్‌బీ, జిగ్‌బీ లాంటిదే అయిన థ్రెడ్, బ్లూటూత్ అన్నీ సర్దుకోవాలి. పట్టీలో ఒక్కో ప్రసారానికి వాడే ముక్కను ఛానల్ అంటారు. వై-ఫై ఒక్కో ఛానల్ దాదాపు 20 మెగాహెర్ట్జ్ వెడల్పు ఉంటుంది. ఛానళ్ల సంఖ్యలు మాత్రం 5 మెగాహెర్ట్జ్‌కు ఒకటి చొప్పున పెరుగుతాయి. కాబట్టి పక్కపక్క సంఖ్యలన్నీ ఒకదానిమీద ఒకటి పడతాయి. ఒకదానినొకటి తాకకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. జిగ్‌బీ ఛానల్ వెడల్పు 2 మెగాహెర్ట్జే. దాని ఛానళ్లకు 11 నుంచి 26 వరకు సంఖ్యలు ఇచ్చారు. వై-ఫై 11, జిగ్‌బీ 11 ఒకటే అనుకుని చాలామంది తికమక పడతారు. నిజానికి జిగ్‌బీ 11 ఉన్న చోటు 2405 మెగాహెర్ట్జ్, అంటే అది వై-ఫై 1 కింద పడుతుంది. వై-ఫై 11 కేంద్రం 2462 దగ్గర ఉంటుంది.

వై-ఫై 1 వాడితే జిగ్‌బీ 11 నుంచి 14 వరకు, వై-ఫై 6 వాడితే 16 నుంచి 19 వరకు, వై-ఫై 11 వాడితే 21 నుంచి 24 వరకు ఉన్న ఛానళ్లు దాని నీడలో పడతాయి. మధ్య సందుల్లో మిగిలేవి 15, 20. పై కొసన మిగిలేవి 25, 26. జిగ్‌బీ హబ్‌లలో చాలావాటికి 11, 15, 20, 25 ఛానళ్లనే ఎంచుకోవడానికి ఇస్తారు.

మీ కొత్త రౌటర్ రెండు పనులు చేసి ఉండవచ్చు. ఒకటి, ఛానల్ ఎంపిక "ఆటో"లో ఉన్నందున అది మీ జిగ్‌బీ వాడే చోటికే వచ్చి కూర్చుని ఉండవచ్చు. రెండు, ఎక్కువ వేగం కోసం 2.4 పట్టీలో 40 మెగాహెర్ట్జ్ వెడల్పు వాడుతూ ఉండవచ్చు. 83 మెగాహెర్ట్జ్ పట్టీలో ఒక్క రౌటరే సగం తీసేసుకుంటే మిగతా వాటికి మిగిలేది ఎంతో మీరే ఊహించండి. ఈ పట్టీలో 40 వెడల్పు వల్ల వచ్చే లాభం కంటే ఇరుగుపొరుగుకూ మన పరికరాలకూ జరిగే నష్టమే ఎక్కువని మా అభిప్రాయం. రౌటర్ సెట్టింగుల్లో దానిని 20 మెగాహెర్ట్జ్‌కు మార్చండి.

బలంలోనూ పొంతన లేదు. వై-ఫై రౌటర్ సాధారణంగా 100 మిల్లీవాట్ల వరకు ప్రసారం చేస్తుంది. బ్యాటరీతో నడిచే జిగ్‌బీ సెన్సర్ ప్రసారం కొన్ని మిల్లీవాట్లే. లౌడ్‌స్పీకర్ పక్కన కూర్చుని గుసగుసలాడినట్టు ఉంటుంది దాని పరిస్థితి. పైగా వై-ఫైకి మాట్లాడేముందు వినే అలవాటు ఉన్నా, ఆ వినికిడి ప్రధానంగా తోటి వై-ఫై కోసమే. తోటి వై-ఫై సంకేతమైతే మైనస్ 82 డీబీఎం (సంకేత బలానికి కొలత, మైనస్ సంఖ్య పెరిగిన కొద్దీ బలహీనం) అంత బలహీనంగా ఉన్నా గుర్తించి ఆగుతుంది. పరాయి సంకేతమైతే మైనస్ 62 డీబీఎం దాటితే గానీ ఆగదు. ఈ 20 డెసిబెళ్ల తేడా అంటే నూరు రెట్లు. అందువల్ల మీ తలుపు సెన్సర్ మాట్లాడుతూ ఉన్నా రౌటర్‌కు అది వినిపించదు, మాట మధ్యలోనే ప్రసారం మొదలుపెడుతుంది. సెన్సర్ కబురు చెడిపోతుంది, మళ్లీ పంపుతుంది, మళ్లీ చెడిపోతుంది. మీకు కనిపించే ఆలస్యం ఈ మళ్లీమళ్లీ పంపడమే. బ్యాటరీలు త్వరగా అయిపోవడానికి కూడా ఇదే కారణం కావచ్చు.

చేయవలసిన పనుల్లో మొదటిది, ఖర్చు లేనిది, హబ్‌ను రౌటర్ నుంచి దూరం జరపడం. బహిరంగ ప్రదేశంలో దూరం పది రెట్లయితే అందే శక్తి నూరో వంతుకు తగ్గుతుంది. 20 సెంటీమీటర్ల దూరంలో ఉన్న హబ్‌ను 2 మీటర్లకు జరిపితే వచ్చే ఉపశమనం ఏ సెట్టింగూ ఇవ్వలేదు. హబ్‌కు నెట్‌వర్క్ తీగ అవసరమైతే పొడవాటి తీగ కొనడమే నయం. దీనితోనే తగ్గితే ఇక అక్కడితో ఆపేయండి.

తగ్గకపోతే రౌటర్‌ను "ఆటో" నుంచి తప్పించి ఒక ఛానల్‌లో స్థిరంగా ఉంచండి. జిగ్‌బీ 20 లేదా 25లో ఉంటే వై-ఫై 1 మంచిది. జిగ్‌బీ 11 లేదా 15లో ఉంటే వై-ఫై 11 మంచిది. కొన్ని హబ్‌ల యాప్‌లలో జిగ్‌బీ ఛానల్ ఏదో నెట్‌వర్క్ వివరాల పేజీలో కనిపిస్తుంది. టీవీ, కంప్యూటర్, ఫోన్లు వంటి ఎక్కువ డేటా తినేవాటిని రౌటర్‌లోని మరో పట్టీ అయిన 5 గిగాహెర్ట్జ్‌కు మార్చండి. కదలని వాటికి, అంటే టీవీకీ డెస్క్‌టాప్‌కీ, తీగ వేయగలిగితే ఇంకా మంచిది. 2.4 పట్టీలో స్మార్ట్ పరికరాలు మాత్రమే మిగిలితే సాయంత్రానికీ పగటికీ తేడా కనిపించకూడదు.

ప్రశ్న: రౌటర్ ఛానల్ మార్చడం కంటే జిగ్‌బీ ఛానలే మార్చేస్తే సరిపోదా? మార్చితే పరికరాలన్నిటినీ మళ్లీ జత చేయాలంటారు, నిజమేనా?

సమాధానం: పాక్షికంగా నిజం. ఛానల్ మారుతున్నప్పుడు హబ్ ఆ సంగతిని తన నెట్‌వర్క్ అంతటికీ ప్రకటిస్తుంది. కరెంటుతో నడిచే బల్బులు, ప్లగ్గులు ఎప్పుడూ మెలకువగా ఉంటాయి కనుక ఆ మాట విని వెంట వస్తాయి. బ్యాటరీ సెన్సర్లు ఎక్కువ సమయం నిద్రలో ఉండి, అప్పుడప్పుడూ మేలుకుంటాయి. ప్రకటన సమయంలో నిద్రపోయినది మేలుకున్నాక పాత ఛానల్‌లో ఎవరూ లేరని గ్రహించి, కొత్తదానిని వెతుక్కోవాలి. కొన్ని గంటల్లో వెతుక్కుని వచ్చేవి ఉన్నాయి, ఎప్పటికీ రానివీ ఉన్నాయి. రానివాటిని చేతితో మళ్లీ జత చేయక తప్పదు. కొన్ని హబ్‌లు ఛానల్ మార్చే వీలే ఇవ్వవు.

అందుకే మా సలహా వరుస ఇది: ముందు హబ్ చోటు, తరువాత వై-ఫై ఛానల్, చిట్టచివరికి జిగ్‌బీ ఛానల్. వై-ఫై ఛానల్ మార్చితే ఫోన్లు, టీవీలు అర నిమిషంలో తమంతట తాము కలుస్తాయి. జిగ్‌బీ మార్చితే మీరు ఒక సాయంత్రమంతా నిచ్చెన ఎక్కి దిగాల్సి రావచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం మొదటి బల్బు జత చేయకముందే ఛానల్ నిర్ణయించుకోవాలి. 26 ఖాళీగా ఉంటుంది కదా అని దాన్ని ఎంచుకోకండి. పట్టీ అంచున ఉన్నందున చాలా పరికరాలు ఆ ఛానల్‌లో తక్కువ శక్తితో ప్రసారం చేస్తాయి, కొన్ని అసలే పలకవు.

ప్రశ్న: కొత్తగా కొన్న స్మార్ట్ ప్లగ్ ఎంత ప్రయత్నించినా వై-ఫైకి కలవడం లేదు. రౌటర్ పక్కనే పెట్టి చూశాను. ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉంది. ఏదో అంతరాయం ఉన్నట్టుంది.

సమాధానం: ఇది అంతరాయం కాకపోవచ్చు. స్మార్ట్ ప్లగ్గులు, బల్బులలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో మాత్రమే ఉంటుంది. మీ ఫోన్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉండి ఉండవచ్చు. రెండు పట్టీలకూ రౌటర్ ఒకే పేరు పెట్టినప్పుడు, జత చేసే యాప్‌లు కొన్ని ఈ తేడా దగ్గర తడబడతాయి. జత చేసేంతసేపు రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌ను ఆపి, ప్లగ్ కలిశాక మళ్లీ తెరవండి. ఇంకా కలవకపోతే భద్రత సెట్టింగ్ చూడండి. అది డబ్ల్యూపీఏ 3 అనే కొత్త వై-ఫై భద్రత పద్ధతికి మాత్రమే పరిమితమై ఉంటే పాత రకం చిప్‌లు కలవలేవు. డబ్ల్యూపీఏ 2, 3 రెండూ కలిసిన పద్ధతికి మార్చాలి. మూడో అనుమానం ఛానల్ మీద. రౌటర్ 12 లేదా 13లో ఉంటే, ఆ ఛానళ్లను అనుమతించని దేశాల కోసం తయారైన పరికరానికి మీ నెట్‌వర్క్ అసలు కనిపించకపోవచ్చు.

స్మార్ట్ పరికరాలకు విడిగా ఒక నెట్‌వర్క్ పేరు పెట్టుకోవడం మంచి పద్ధతే, భద్రతకూ మంచిది. అయితే పేర్లు పెంచుకుంటూ పోకండి. ప్రతి పేరునూ రౌటర్ సెకనుకు దాదాపు పదిసార్లు ప్రకటిస్తుంది. ఆ ప్రకటనలు అన్నిటికంటే నెమ్మది వేగంలో పోతాయి. సెకనుకు 1 మెగాబిట్ వేగంలో 300 బైట్ల ప్రకటనకు రెండున్నర మిల్లీసెకన్లు పడుతుంది. ఒక్క పేరుకే గాలి సమయంలో నూటికి రెండున్నర వంతుల దాకా ఖర్చవుతుందన్నమాట. ఇంట్లో మూడు ప్రసార కేంద్రాలు, ఒక్కోదానిలో నాలుగు పేర్లు ఉండి, అన్నీ ఒకే ఛానల్‌లో నడిస్తే, ఎవరూ ఏమీ పంపకముందే గాలిలో నాలుగో వంతుకు పైగా నిండిపోతుంది. అందుకే పాత నెమ్మది వేగాలను ఆపే వీలు రౌటర్‌లో ఉంటే ఆపండి. మీ పాత పరికరాలు ఆ తరువాత కూడా కలుస్తున్నాయో లేదో మాత్రం చూసుకోండి.

ప్రశ్న: మైక్రోవేవ్ ఓవెన్ నడుస్తున్నప్పుడు వంటగదిలోని కెమెరా ఆగిపోతుంది, పాటలు తెగిపోతాయి. ఓవెన్ నుంచి తరంగాలు బయటికి వస్తున్నాయని భయంగా ఉంది. ఆరోగ్యానికి ప్రమాదమా?

సమాధానం: ఓవెన్‌లో తరంగాలను పుట్టించే మాగ్నెట్రాన్ 2450 మెగాహెర్ట్జ్ చుట్టూ, వందల వాట్ల శక్తితో పనిచేస్తుంది. తలుపు అంచుల నుంచి దానిలో అత్యల్ప భాగం బయటికి రావడాన్ని ప్రమాణాలే అనుమతిస్తాయి. ఓవెన్ ఉపరితలానికి 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు దాటకూడదన్నది సాధారణంగా పాటించే పరిమితి. మనిషి మీద ప్రభావానికి అది చాలా తక్కువ. 100 మిల్లీవాట్లతో బయలుదేరి గోడలు దాటేసరికి నానోవాట్ల స్థాయికి చేరే వై-ఫై సంకేతానికి మాత్రం అది చాలా ఎక్కువ. కాబట్టి వై-ఫై తెగడం ఓవెన్ చెడిపోయిందనడానికి సాక్ష్యం కాదు. తలుపు సరిగా మూయకపోయినా, కీలు వదులైనా, అంచు వంగినా మాత్రం వాడటం ఆపి చూపించాలి.

ఓవెన్‌ను చొరబాటుదారుగా చూడటం కూడా న్యాయం కాదు. 1947లో జరిగిన అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమావేశంలో పరిశ్రమ, విజ్ఞానం, వైద్యం కోసం వాడే యంత్రాలకు కొన్ని పట్టీలను కేటాయించారు. ఈ పట్టీ అందులోది. లైసెన్సు లేని సమాచార పరికరాలను ఇందులోకి అమెరికా 1985లో అనుమతించింది. వై-ఫై మొదటి ప్రమాణం వచ్చింది 1997లో. అంటే ఓవెన్ ఉన్న ఇంట్లోకి వై-ఫైయే తరువాత వచ్చి చేరింది. నీటిని కదిలించడానికి ఈ ఫ్రీక్వెన్సీ ప్రత్యేకంగా సరిపోతుంది కనుక ఎంచుకున్నారన్న మాట తరచూ వినిపిస్తుంది, అది సరికాదు. నీరు అత్యధికంగా పీల్చుకునే ఫ్రీక్వెన్సీలు ఇంతకు ఎన్నో రెట్లు పైన ఉంటాయి.

పరిష్కారం తేలికే. కెమెరాకు 5 గిగాహెర్ట్జ్ రేడియో ఉంటే దానికి మార్చండి. లేకపోతే ఇంటి వై-ఫైని ఛానల్ 1లో పెట్టండి. ఓవెన్ ప్రసారం పట్టీ నడిమి నుంచి పై భాగంలో ఎక్కువగా పడుతుంది. కెమెరాకూ రౌటర్‌కూ మధ్య గీత గీస్తే అది ఓవెన్ మీదుగా పోకుండా చూడండి. రెండు నిమిషాల వంట కోసం ఇంతకు మించి శ్రమ అవసరం లేదు.

ప్రశ్న: చిన్న కంప్యూటర్‌కు జిగ్‌బీ యూఎస్‌బీ డాంగిల్ (హబ్‌కు బదులుగా పనిచేసే చిన్న రేడియో) తగిలించి ఇంటి వ్యవస్థ మొత్తం నడుపుతున్నాను. పక్కనే రికార్డుల కోసం యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ పెట్టినప్పటి నుంచి దూరపు గదుల సెన్సర్లు పోతున్నాయి. వై-ఫై ఛానళ్లన్నీ సరిచూశాను.

సమాధానం: దోషి ఆ ఎస్‌ఎస్‌డీ, లేదా దాని తీగ. యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో నడుస్తుంది. ఆ వేగంలో డేటా తీగ, కనెక్టర్ల నుంచి వెలువడే రేడియో చప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మీదుగా పరచుకుంటుంది. ఇది ఊహ కాదు. ఇంటెల్ సంస్థ 2012లోనే దీన్ని కొలిచి ఒక పత్రం ప్రచురించింది. ఈ చప్పుడుకు ఛానల్ అంటూ లేదు కనుక ఛానల్ మార్చి తప్పించుకోలేరు. అందుకే మీరు ఛానళ్లు ఎన్నిసార్లు సరిచూసినా ఫలితం కనబడలేదు. చిత్రమేమిటంటే ఇది ఎదుటివారి మాటను చెరపదు, మీ డాంగిల్ చెవిని మూస్తుంది. దగ్గరి బల్బుల బలమైన సంకేతం ఆ చప్పుడులోనూ వినిపిస్తుంది, దూరపు సెన్సర్ బలహీన సంకేతం మునిగిపోతుంది.

డాంగిల్‌ను కంప్యూటర్‌కు నేరుగా గుచ్చకుండా, మీటరు పొడవున్న యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో బయటికి తీసుకురండి. దాన్ని యూఎస్‌బీ 2.0 పోర్టుకు తగిలించండి, సాధారణంగా అది నీలిరంగు లేనిది. డ్రైవ్ తీగ పైపూత మంచిదో కాదో కూడా చూడండి, చవక తీగలలో లోహపు కవచం పలచగా ఉంటుంది. ఈ రంగంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత కచ్చితంగా కుదిరే వైద్యం ఇంకొకటి లేదని చెప్పగలం. రౌటర్ వెనుక పోర్టుకే డ్రైవ్ తగిలించుకున్న వారికీ ఇదే వర్తిస్తుంది. అక్కడ దెబ్బ తినేది రౌటర్ 2.4 రేడియో. కొన్ని రౌటర్లలో ఆ పోర్టును యూఎస్‌బీ 2.0 వేగానికి తగ్గించే సెట్టింగ్ ఉంటుంది, వాడండి. వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదలడం కూడా ఈ కోవలోదే.

ప్రశ్న: ఇల్లంతా సిగ్నల్ నిండుగా ఉండాలని మూడు మెష్ వై-ఫై పెట్టెలు (కలిసి ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసేవి) పెట్టాం. వేగం పెరిగింది, కానీ స్మార్ట్ తాళం, సెన్సర్లు ఇదివరకటి కంటే అధ్వాన్నంగా ఉన్నాయి. కారణం ఏమిటి?

సమాధానం: మెష్ పెట్టె ఒక్కొక్కటీ ఒక ప్రసార కేంద్రమే. ఇదివరకు ఇంటి ఒక మూల ఉన్న గట్టి గొంతు ఇప్పుడు మూడు చోట్ల ఉంది. అనేక మెష్ వ్యవస్థలు 2.4 పట్టీలో మూడింటినీ ఒకే ఛానల్‌లో నడుపుతాయి, ఆ ఛానల్‌ను మీరు ఎంచుకునే వీలు కూడా ఇవ్వవు. అలాంటప్పుడు జిగ్‌బీనే దానికి అనుగుణంగా జరపాల్సి వస్తుంది. ప్రసార శక్తి తగ్గించే వీలుంటే 2.4 పట్టీలో మధ్యస్థానికి తగ్గించండి. మూడు పెట్టెలు ఉన్న ఇంట్లో ప్రతిదీ గరిష్ఠ శక్తితో మోగాల్సిన పని లేదు. రెండు పెట్టెలతో ఇల్లు సరిపోతుందేమో ఒకసారి మూడోది ఆపి చూడండి.

మీ సెన్సర్లు జిగ్‌బీవైతే, వాటికి కావలసిన మెష్ వేరు. కరెంటుతో నడిచే జిగ్‌బీ ప్లగ్గులు, బల్బులు దారిలో కబురును అందుకుని ముందుకు పంపుతాయి. బ్యాటరీవి పంపవు. తాళానికీ హబ్‌కూ మధ్య ఒక జిగ్‌బీ ప్లగ్ పెడితే, వై-ఫై మోగుతున్నా కబురు చిన్న చిన్న అంగలుగా దాటిపోతుంది. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. స్మార్ట్ బల్బును గోడ స్విచ్‌తో ఆపేస్తారు. అది ఆరిపోవడంతో పాటు దాని మీద ఆధారపడిన సెన్సర్ల దారి కూడా తెగిపోతుంది. ఆ లోపాన్ని వై-ఫై మీదికి నెట్టకండి.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. యాప్‌లో చూస్తే 1, 6, 11 మూడింటిలోనూ ఇరుగుపొరుగు నెట్‌వర్కులు కిక్కిరిసి ఉన్నాయి. 3, 9 ఖాళీగా కనిపిస్తున్నాయి. వాటికి మారితే తప్పేమిటి?

సమాధానం: ఖాళీగా కనిపించడం వేరు, ఖాళీగా ఉండటం వేరు. ఛానల్ 3లో మీరు ప్రసారం చేస్తే 1లో ఉన్నవారినీ 6లో ఉన్నవారినీ ఇద్దరినీ తాకుతారు. ఒకే ఛానల్‌లో ఉన్న వై-ఫైలు ఒకరి మాట ఒకరు విని, వంతులు వేసుకుంటాయి. సగం సగం కలిసిన ఛానళ్లలో ఉన్నవారికి ఎదుటివారి మాట అర్థం కాదు, చప్పుడుగా మాత్రమే తగులుతుంది. కాబట్టి కిక్కిరిసినా సరే 1, 6, 11లలో ఒకదానిలోనే ఉండండి. నెట్‌వర్కుల సంఖ్యను బట్టి కాక, వాటి సంకేత బలాన్ని బట్టి ఎంచుకోండి. మైనస్ 85 డీబీఎంలో వినిపించే పది నెట్‌వర్కుల కంటే మైనస్ 50లో వినిపించే ఒక్కటే ఎక్కువ ఇబ్బంది. మీరు 3కు మారితే 15వ జిగ్‌బీ ఛానల్ వంటి సందులు కూడా మూసుకుపోతాయని మరువకండి.

మీరు వాడిన యాప్ వై-ఫైని మాత్రమే చూపుతుంది. జిగ్‌బీ, బ్లూటూత్, ఓవెన్, పాత పద్ధతి వైర్‌లెస్ కెమెరా, పిల్లల గదిలోని మానిటర్ వంటివి అందులో కనిపించవు. కొన్ని హబ్‌లు తమ వైపు నుంచి గాలిలోని శక్తిని ఛానల్ వారీగా కొలిచి చూపగలవు. అది ఉంటే దాన్నే నమ్మండి. నిజమైన విడుదల 5 గిగాహెర్ట్జ్‌లోనే ఉంది. అక్కడ ఛానళ్లు ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ కాబట్టి పొరుగువారి సంకేతం కూడా తక్కువే చేరుతుంది. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. 52 నుంచి 144 వరకు ఉన్న ఛానళ్లను చాలా దేశాల్లో రాడార్లతో పంచుకోవాలి. రాడార్ వినిపిస్తే రౌటర్ వెంటనే ఆ ఛానల్ ఖాళీ చేయాలి. విమానాశ్రయం, వాతావరణ రాడార్ దగ్గరగా ఉండి, కెమెరాలు అకారణంగా తెగుతుంటే 36 నుంచి 48 వరకు ఉన్న వాటికి మారండి.

ప్రశ్న: బ్లూటూత్, జెడ్-వేవ్, మేటర్, రిమోట్లు వీటి సంగతేమిటి? వీటికీ ఇన్ని జాగ్రత్తలు కావాలా?

సమాధానం: బ్లూటూత్ తన జాగ్రత్త తానే చూసుకుంటుంది. సెకనుకు 1600 సార్ల వరకు ఛానల్ మారుతూ పోతుంది. 2003లో వచ్చిన 1.2 కూర్పు నుంచి, వై-ఫై ఆక్రమించిన ఛానళ్లను గుర్తించి తప్పుకోవడం కూడా నేర్చింది. స్మార్ట్ పరికరాలు వాడే మరో రేడియో పద్ధతి జెడ్-వేవ్ దేశాన్ని బట్టి 865 నుంచి 926 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో నడుస్తుంది కాబట్టి వై-ఫైతో దానికి పేచీ లేదు. వేరే దేశంలో కొన్న జెడ్-వేవ్ పరికరం మీ హబ్‌తో కలవదు, కొనేటప్పుడు అది చూసుకోవాలి. పరారుణ రిమోట్లు, 433 మెగాహెర్ట్జ్ గేటు రిమోట్ల గురించి ఆలోచించనక్కర లేదు. మేటర్ పరికరాలు పంచుకునే భాష మాత్రమే, అది రేడియో కాదు. 2022 అక్టోబరులో మొదటి కూర్పు వచ్చిన మేటర్ పరికరాలు వై-ఫై మీదో, థ్రెడ్ మీదో, నెట్‌వర్క్ తీగ మీదో నడుస్తాయి. థ్రెడ్ రేడియో జిగ్‌బీ వాడేదే. కాబట్టి పెట్టె మీద మేటర్ గుర్తు ఉన్నంత మాత్రాన ఛానళ్ల గొడవ తీరదు. ఇంట్లో జిగ్‌బీ, థ్రెడ్ రెండూ ఉంటే ఆ రెండూ వేర్వేరు ఛానళ్లలో ఉన్నాయో లేదో కూడా చూడండి.

ప్రశ్న: గుమ్మం దగ్గరి వీడియో డోర్‌బెల్ తరచూ తెగుతోంది. ఇది అంతరాయమా, సిగ్నల్ అందకపోవడమా? ఎలా తెలుసుకోవాలి?

సమాధానం: డోర్‌బెల్ యాప్‌లోనో రౌటర్ జాబితాలోనో ఆ పరికరం సంకేత బలం చూడండి. మైనస్ 60 చుట్టూ ఉండి కూడా తెగుతుంటే అంతరాయాన్ని అనుమానించాలి. మైనస్ 75 దాటి బలహీనంగా ఉంటే దూరం, గోడలు, ఇనుప తలుపు, అద్దం, నీటి తొట్టి వంటివే కారణమయ్యే అవకాశం ఎక్కువ. ఆ స్థితిలో ఛానళ్లు మార్చడం వృథా. రౌటర్‌ను గుమ్మం వైపు జరపడమో, ఆ దిక్కున ఒక మెష్ పెట్టె పెట్టడమో చేయాలి.

సంకేతం బాగానే ఉంటే ఏ సమయాల్లో తెగిందో వారం పాటు రాసి పెట్టండి. రోజూ ఒకే వేళకు తెగితే ఆ వేళకు ఇంట్లో ఏది నడుస్తోందో చూడండి. అనుమానం ఉన్నవాటిని ఒకేసారి కాక ఒక్కొక్కటిగా ఆపాలి. ఆపిన దానిని తిరిగి వేసినప్పుడు ఇబ్బంది మళ్లీ వస్తేనే దోషం దానిదని నిర్ణయించండి. ఏ వేళా పాళా లేకుండా, పగలూ రాత్రీ ఒకేలా తెగుతుంటే డోర్‌బెల్‌కు అందే కరెంటును కొలిపించండి. పాత గంట ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిచే వీడియో డోర్‌బెళ్లు వోల్టేజీ చాలక ఆగి మళ్లీ మొదలవుతాయి. యాప్‌లో అది అచ్చంగా వై-ఫై తెగినట్టే కనిపిస్తుంది.